సరిగ్గానే చెప్పావు

శౌరమ్మ మహా భక్తురాలని వీధి వీధంతా ఒప్పుకుంది. ఒప్పుకోనిది శౌరమ్మ ఒక్కతే.

వన్ టౌన్‌లో వాళ్ళుండే సందులో ఎవరికే కష్టమొచ్చినా కబురు ఆవిడకే వచ్చేది. "పిన్నిగారూ, మా ఆయనకి రేపు ఆపరేషను, మీ జపమాలలో కాస్త తలుచుకోండి" అని ఒకరు, "అత్తయ్యా, మా పిల్లకి పరీక్షలు" అని ఇంకొకరు. పక్కింటి రావమ్మ అయితే ఆవిణ్ణి చూపించి కోడలికి బుద్ధులు చెప్పేది. పూసలు తిప్పీ తిప్పీ ఆవిడ వేళ్ళు కాయలు కాచాయని అందరూ చెప్పుకున్నారు. ఎందుకు కాచాయని ఒక్కరూ అడగలేదు. భక్తికి కారణం అడిగే అలవాటు మనకెక్కడిది?

అసలు సంగతి వేరు. కొడుకు యేసుబాబు రొయ్యల వ్యాన్ నడుపుతాడు. కైకలూరు వైపు చెరువుల దగ్గర సరుకెక్కించుకుని, ఐసు కరిగేలోపు చెన్నై చేర్చాలి. వాడు ఆ పనిలో చేరినప్పటినుంచీ శౌరమ్మ కళ్ళముందుకు ఒక దృశ్యం రావడం మొదలైంది. వ్యాన్ కాలవలో బోర్లా పడి ఉంటుంది, చక్రాలు మాత్రం తిరుగుతూ ఉంటాయి. జపం మధ్యలో అది కనబడిందా, ఆ జపం చెడినట్టే. చెడిన జపంతో కొడుకుని రోడ్డు మీద వదిలేస్తే, రేపు జరగరానిది జరిగితే, ఆ పాపం ఎవరిది? అందుకని మళ్ళీ మొదటి పూస. మళ్ళీ వ్యాన్. మళ్ళీ మొదటి పూస. పొయ్యి మీద అన్నం మాడి, ఆ కంపుకి రావమ్మ గోడ మీదనుంచి కేకేసేది.

మొగుడు సంజీవరావు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా టికెట్ చూసి "సరే, వెళ్ళండి" అనడంలోనే గడిచింది. శౌరమ్మ చివరికి జపమాల కళ్ళకద్దుకుని, "ఏవండీ, సరిగ్గా చెప్పానా?" అని అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండా "సరిగ్గానే చెప్పావు" అనేవాడు. ఆ మాటతో ఆవిడ మొహం విచ్చుకునేది. పెళ్ళాం మొహం విచ్చుకుంటే ఏ మొగుడికి చేదు? పైగా రిటైరయ్యాక ఆయన్ని "సరేనా?" అని అడిగే మనిషి లోకంలో ఆవిడొక్కతే మిగిలింది. లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

కానీ రానురాను ఆ నిమ్మళం కాఫీ చల్లారేంతసేపు కూడా నిలవలేదు. "పేపరు చూస్తున్నారు కదా, నిజంగా విన్నారా?" అనేది. పేపరు మానేసి ఎదురుగా కూర్చున్నాడు. "అంతా విన్నారా?" అనేది. నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఒకరోజు ఇడ్లీ ముట్టకుండా పూసలు పట్టుకున్న మనిషి, వీధి దీపాలు వెలిగినా లేవలేదు. అప్పుడు మాత్రం సంజీవరావుకి భయమేసింది.

ఆ ఆదివారం ఆవిడ ఫాదర్ దగ్గర తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుని, ఏడుస్తూ చర్చి మెట్లు దిగింది.

"ఫాదర్ గారు ఇది పాపం కాదంటున్నారండీ. జబ్బంట. నా ప్రార్థన జబ్బంట!"

సంజీవరావు కోపంగా లోపలికెళ్ళాడు. ఫాదర్ అంతోని ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "ప్రార్థన జబ్బు కాదు, ఆ భయం జబ్బు. అది ప్రార్థన వేషం వేసుకొచ్చింది. మంచి డాక్టరుకి చూపించండి" అన్నారు. ఎవరి దగ్గరికెళ్ళినా, ఇలాంటి వాళ్ళని ఇంతకుముందు చూశారా, ఏం చేస్తారు అని మొహమాటపడకుండా అడగమన్నారు.

గవర్నర్‌పేట డాక్టరు మంచాయనే. మందులు రాశాడు, వాటితో కాస్త నిద్ర పట్టింది. "వీటితో పాటు సీబీటీ కూడా కావాలండీ" అన్నాడు. బయట జనం తోసుకుంటున్నారు, ఇంకేం అడగడానికి లేదు. సంజీవరావు తిన్నగా కింద ల్యాబ్ కౌంటర్‌కి వెళ్ళి, "సీబీటీ ఎక్కడ తీస్తారమ్మా? పరగడుపున రావాలా?" అని అడిగాడు. ఆ పిల్ల నవ్వాపుకోలేక, అది తీసేది కాదని, కూర్చుని మాట్లాడే వైద్యమని చెప్పింది.

మాట్లాడే వైద్యమైతే ఊళ్ళో కరువేముంది అనుకున్నాడు పాపం. మొదటాయన బోర్డు పెద్దది. మంచి ఆలోచనలు చెయ్యాలమ్మా అని గంట ఉపన్యాసమిచ్చి, ఆ జపమాల తీసుకెళ్ళి ఒక నెల బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. శౌరమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చేసింది. రెండో ఆవిడ ఫోన్‌లో ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. శౌరమ్మ భయమేమో తెలుగుది.

భవానీపురంలో రాజ్యశ్రీ గారని ఈ వైద్యం చేసేవారు ఉన్నారని తెలిసి వెళ్ళేటప్పటికి, సంజీవరావుకి ఆశ కొసప్రాణంతో ఉంది. వ్యాన్ సంగతంతా చెప్పి, ఫాదర్ చెప్పిన ప్రశ్న నీళ్ళు నములుతూ అడిగాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"చూశానండీ. కొందరు చేతులు కడుగుతూనే ఉంటారు, కొందరు తాళం లాగి చూస్తూనే ఉంటారు. అమ్మగారు పూసలు తిప్పుతున్నారు. జపమాల మానమని నేను చెప్పను. ఒక్కసారే చెప్పుకుని పక్కన పెట్టమంటాను. మధ్యలో ఆ వ్యాన్ కనబడినా సరే, వెనక్కి వెళ్ళకూడదు."

"మరి వాడికేమైనా అయితే?" అంది శౌరమ్మ.

"ఆలోచన రావడం మన చేతుల్లో లేదమ్మా. వచ్చాక ఏం చేస్తామన్నదే మన చేతుల్లో ఉంది. భయం పెరుగుతుంది, పెరగనివ్వండి. దాని మానాన అదే దిగుతుంది. అది దిగడం మీరు ఇంతవరకూ చూడనే లేదు, ఈలోపే మొదటి పూసకి వెళ్ళిపోతున్నారు."

తరవాత ఆయన వైపు తిరిగింది. "ఇక మీరండీ. గజ్జి గోకితే హాయిగానే ఉంటుంది, కానీ తగ్గదు. 'సరిగ్గానే చెప్పావు' అన్నప్పుడల్లా మీరు ఆవిడకి గోకి పెడుతున్నారు. ఇకనుంచి అడిగితే 'తెలీదు' అనండి. అవునని వద్దు, కాదని వద్దు."

ఇంతేనా అనుకున్నాడు సంజీవరావు. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు అదెంత కష్టమో.

"ఏవండీ, సరిగ్గా చెప్పానా?"

"తెలీదు శౌరమ్మా."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి. ఈ ఒక్కసారికి చెప్పండి." దాహానికి నీళ్ళడిగిన మనిషికి చెంబు దాచేసినట్టుంది ఆయనకి. ఉన్నది ఒక్క మాట, అదీ తన నోట్లోనే ఉంది, ఇవ్వడానికి లేదు. చొక్కా తగిలించుకుని వీధి చివర టీ కొట్టు దాకా పోయి, టీ తాగకుండా నిలబడేవాడు. ఏ మొగుడికీ రాకూడదు అలాంటి కష్టం.

అయినా ఆవిడ పట్టు వదల్లేదు. ఒక్కసారే చెప్పుకుని, జపమాల మేకుకి తగిలించేది. వీధిలో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. "శౌరమ్మకి భక్తి తగ్గిందే" అంది రావమ్మ.

అలా ఉండగా వాయుగుండం పట్టింది. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. యేసుబాబు పొద్దున బయల్దేరాడు, ఫోన్ స్విచాఫ్ వస్తోంది. సాయంత్రం శౌరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని జపమాల చెప్పింది, ఒక్కసారే. లేచి మేకుకి తగిలించి, వంటింట్లోకెళ్ళి గోంగూర ముందేసుకుంది. మొగుణ్ణి ఏమీ అడగలేదు. ఆకులు కాడల్లో, కాడలు ఆకుల్లో పడుతున్నాయి.

సంజీవరావు మళ్ళీ ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆవిడ ఒక్కసారితో ఆపేసింది కదా, మరి వాడికి కాపలా ఎవరు? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మేకు మీది జపమాల తీసుకుని పెరటి వసారాలోకి వెళ్ళాడు. ఆవిడకి తెలియకుండా ఒక్కసారి చెబితే పోయేదేముంది? ప్రార్థన మంచిదే కదా.

సగంలో వ్యాన్ కనబడింది. కాలవలో, బోర్లా. చక్రాలు తిరుగుతున్నాయి.

మళ్ళీ మొదటి పూస పట్టుకున్నాడు. ఈసారి ఇంకా ముందే కనబడింది. రేకుల మీద వాన చప్పుడికి తన గొంతు తనకే వినబడటం లేదు. అసలు ఆ పూస చెప్పాడా, దాటేశాడా? మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ. చీకటి పడింది కూడా ఆయనకి తెలియలేదు.

తలెత్తేసరికి గుమ్మంలో శౌరమ్మ నిలబడి ఉంది. ఆయన చేతిలోని పూసల వంక, ఆయన మొహం వంక చూసింది. అడగకూడదని ఆయనకి తెలుసు. ఈ ఇంట్లో ఆ సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

"శౌరమ్మా," అన్నాడు. "సరిగ్గా చెప్పానా?"

ఆవిడ పెదవులు కదిలాయి. ఆ మాట ఆవిడ నోటిదాకా వచ్చిందని ఆయనకి కనబడుతూనే ఉంది. ఇస్తుందనుకున్నాడు. ఇవ్వాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది.

శౌరమ్మ వచ్చి తడి గట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. పూసలున్న ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళనీళ్ళు జలజలా కారుతున్నాయి.

"తెలీదండీ," అంది.

లోపల ఫోన్ ఇంకా మోగలేదు.