పన్నెండు చేతుల బీడీలు

దొంగతనాలన్నీ పట్టపగలే జరిగాయి. నిజామాబాదు శివారులోని ఆ గల్లీలో పన్నెండిళ్ల ఆడవాళ్లూ బీడీలు చుడతారు. మధ్యాహ్నం భోజనాలు కాగానే, చుట్టినవి అప్పజెప్పడానికి అందరూ ఒక్కసారే కార్ఖానాకు పోతారు. మగవాళ్లలో కొందరు దుబాయిలో, కొందరు బోధన్ చెరకు కోతల్లో. రోజూ మూడు గంటలు గల్లీ ఖాళీ. తొంభై మూడో సంవత్సరం చలికాలంలో నాలుగు తాళాలు పగిలాయి.

నాలుగోది గంగుబాయి ఇల్లు. పక్షవాతంతో మంచం పట్టిన అత్త సాయవ్వ దొంగను చూస్తూనే ఉంది, కేక పెట్టడానికి నోరు పెగల్లేదు. వాడు పెట్టె ఎత్తుకుని, కుండలో నీళ్లు ముంచుకు తాగి మరీ పోయాడు.

కావలి పెట్టించింది గంగుబాయే. దినానికొకరు కార్ఖానా మానుకుని, చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ గల్లీ మొగన కూర్చోవాలి. తన బీడీలు మర్నాడు పొద్దున ఇచ్చుకోవాలి. అయితే చాట మీదినుంచి కళ్లెత్తితే ఆకు చినుగుతుంది, చెయ్యి మందగిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి మిగతా ఇళ్లవాళ్లు కావలి కూర్చున్నామెకు తలా ఒక బీడీల కట్ట ఇవ్వాలనుకున్నారు. రెండు నెలలు ఒక్క తాళమూ పగల్లేదు.

కార్ఖానాలో ఒక్కో కార్డు మీద ఒక్కరే చుట్టాలి, ఆ కార్డు ఉంటేనే ఆకూ తంబాకూ ఇస్తారు. తన కావలి మర్నాడు పొద్దున గంగుబాయి తెచ్చిన కట్టలను అక్కడి మున్షీ దేవన్న విప్పాడు.

"గంగుబాయీ, గివి ఎన్ని చేతులే?"

"నావేనన్నా."

"నీది ఎడమచేతి మడత. మీ మొఖాలు మర్సిపోతనేమో గని, బీడీలు మర్సిపోత్నా? ఒక్క కార్డు మీద ఎందరితోని చేపిస్తున్నవ్?"

"కావలి గూసున్నందుకు ఇచ్చిండ్రన్నా."

"ఎవరిచ్చిండ్రు? పేర్లు చెప్పు, నీ కార్డు ఇడిసిపెడ్త."

ఆ మాట మీద నిలబడాలంటే పేర్లు చెప్పాలి. చెబితే, కట్టలు ఇంకొకరికి ఇచ్చినందుకు పదకొండు కార్డులు పోతాయి. చెప్పకపోతే ఒక్కటే పోతుంది. కాని అత్తాకోడళ్లిద్దరి కడుపులు నింపుతున్నది ఆ ఒక్కటే.

"అన్ని నావే," అంది గంగుబాయి.

దేవన్న కార్డు తీసి సొరుగులో పడేశాడు. ఆనాడు ఆకూ లేదు, తంబాకూ లేదు.

సంగతి తెలిసి పక్కింటి రాధాబాయి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నా కార్డు మీద చెయ్యి. ఆకు నేనిస్త."

"ఎడమ మడత ఒక్కటి కనవడితే నీది గూడ గుంజుకుంటడు."

"మరి కట్టలన్న తీస్కో."

"నీ కట్టలు నేనేడ అప్పజెప్పాలె? పొయ్యిల వెట్టాల్నా?"

రాధాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. "కావలి బంజేద్దమక్కా. దాని మూలాన్నే గదా."

గంగుబాయి లోపలి మంచం వైపు చూసింది. "ఆ దొంగోడు మల్లొస్తే అత్త మల్ల సూస్తనే పండాలె."

మర్నాడు మధ్యాహ్నం పదకొండు మందీ బుట్టలతో గల్లీ మొగకు వచ్చారు. ఆనాటి కావలి వంతు రాధాబాయిది, కాని బదులుగా కట్టలు రాని కావలికి ఒక పూట మానుకునే ధైర్యం ఆమెకు లేదు. అప్పటికే గంగుబాయి అక్కడ ఖాళీ చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఏం తిని గూసుంటవే?" అంది రాధాబాయి.

"పోండ్రి, లైన్ల ఎనుకవడ్తరు."

వాళ్లు వెళ్లిపోయారు. ఒడిలో ఆమె వేళ్లు అలవాటుకొద్దీ లేని ఆకును చుడుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం ఇప్పుడు ఒక్కసారి కూడా దించాల్సిన పనిలేదు.