చిలక రెక్క మీది ఆకుపచ్చ

మా అత్తగారి మీద నింద పడితే కోడలినైన నాకు కడుపు మండిందంటే నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వుకోండి. పెళ్లయిన కొత్తలో ఆవిడా నేనూ ఉప్పూ నిప్పూలాగే ఉండేవాళ్లం. పాత పుస్తకాలు బాగుచేసే పని ఆవిడ దగ్గర నేర్చుకోవడం మొదలెట్టాకే మా మధ్య మాట కలిసింది. ఆ పనిలో ఆవిడకి వంక పెట్టిన మొగాడు లేడు, మేమిద్దరం పనిచేసే మ్యూజియం డైరెక్టరు గారు పెట్టేదాకా.

గొడవంతా ఒక చిలక గురించి. మా దగ్గర పక్షుల మీద రాసిన చేతిరాత పుస్తకం ఒకటుంది. బొమ్మలన్నీ నలుపు, ఎరుపు సిరాల్లో గీసినవే. ఒక్క చిలక రెక్కకి మాత్రం ఆకుపచ్చ పూసి ఉంది. కొత్తగా వచ్చిన రంగుల పరీక్షకుడు యంత్రం పెట్టి చూసి, ఆ పచ్చ బొమ్మ గీసినవాడిది కాదు, తర్వాతెప్పుడో వేసిందని తేల్చాడు. అతనికి నేను రంగుల డాక్టరని పేరు పెట్టాను. ఎప్పుడు వేశారో తనకి తెలియదని కూడా నిజాయితీగానే చెప్పాడు పాపం. ఆ ఖాళీని డైరెక్టరు గారు పూరించేశారు. ఆ పుస్తకానికి మరమ్మతు చేసింది మా అత్తగారొక్కరే కదా, ఇంకెవరు వేస్తారు?

"ఎదుటి పేజీ చూడండి, ఒక్క మరక లేదు. వేసి, ఆరేదాకా కాపాడారన్నమాట. చెయ్యి తిరిగినవాళ్ల పనే ఇది," అన్నారు అందరి ముందూ.

అంటే శుభ్రంగా పనిచెయ్యడం కూడా నేరమే! సోమవారం ప్రదర్శన మొదలు. పుస్తకం పక్కన పెట్టే బోర్డు మీద, ఈ రంగు మరమ్మతులో చేర్చారని ఆవిడ పేరుతో సహా రాయమన్నారు. పాత పుస్తకంలో సొంత రంగు వెయ్యడమంటే మా వృత్తిలో దొంగతనం కంటే హీనం. ఆవిడ జన్మంతా చేసిన పనికి మిగిలేది ఆ బోర్డే. అత్తగారు ఇంటికొచ్చి ఏప్రన్ మడిచి బీరువాలో పెట్టేశారు.

"మీరు వెయ్యలేదని గట్టిగా చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్పాను. నమ్మలేదు. ఇంకేం చెయ్యమంటావే, కాళ్లు పట్టుకోమంటావా?"

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమొచ్చింది. కోపమొస్తేనే నా బుర్ర పనిచేస్తుంది.

మర్నాడు పొద్దున్నే మరమ్మతు గదిలో పుస్తకాన్ని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాను. చిలక పేజీ చివర వాక్యం "పండు కనపడితే చాలు, ఈ పిట్ట" అని ఆగిపోయింది. ఎదుటి పేజీలో కొంగ గూడు గురించి ఉంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇలాంటి పుస్తకాలు కాగితాలు మడిచిన చిన్న చిన్న కట్టలుగా కుడతారు. ఎప్పుడో అట్ట మార్చినప్పుడు కుట్టేవాడు ఒక కట్టని తీసుకెళ్లి వెనక్కి పెట్టేశాడు. మా గదిలో అందరికీ తెలిసిన తప్పే. తెలిసి కూడా, ఎదుటి పేజీ అనగానే ఇప్పుడు ఎదురుగా ఉన్నదాన్నే అందరం చూశాం. నేనూ అంతే. మొద్దుబుర్రలం!

రంగు వేసిన రోజున చిలకకి ఎదురుగా ఉన్నది ఏ పేజీ?

గబగబా వెనక్కి తిప్పాను, గబగబా అంటే మా పనిలో ఎంత గబగబో అంతే. బాగా వెనక ఒక కట్ట మొదటి పేజీ "ఎవరి మాటా వినదు" అని మొదలైంది. దాని మధ్యలో గోధుమరంగు మరక. చెమ్మ మరకనుకుని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. చిలక రెక్కని పారదర్శకమైన షీటు మీద గీసుకుని, తిరగేసి, మరక మీద పట్టుకున్నాను. ఈకకి ఈక సరిపోయింది.

నా కేకకి పక్క గదిలోంచి రంగుల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ, తేలు కుట్టిందా?"

"తేలు కాదు, చిలక! ముందు ఆ యంత్రం పట్రండి!"

మరకలో ఉన్నది రెక్క మీది పచ్చేనని యంత్రం తేల్చింది. పల్చగా అంటుకోవడంతో పాతబడి గోధుమరంగుకి తిరిగింది. వేసినవాడెవడో తొందరపాటు మనిషి, తడి ఆరకుండానే పుస్తకం మూసేశాడు. మేమిద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

డైరెక్టరు గారు మాత్రం అంత తేలిగ్గా దిగిరాలేదు. "ఆవిడే కుట్టు విప్పి, సరిచేసి, రంగు వేసి, మళ్లీ ఇలాగే కుట్టి ఉండొచ్చుగా?" అన్నారు.

"ఎందుకు కుడతారు సార్, మళ్లీ తప్పుగా? పోనీ, ఈ దారం చూడండి. తోలు కిందికి వెళ్లి అట్టలో అతుక్కుపోయింది. ఎక్కడా తెగలేదు, ముడి లేదు. తోలు మీద అట్ట వేసిన ఏడాది అచ్చు గుద్ది ఉంది. అప్పటికి మా అత్తయ్య వాళ్ల అమ్మమ్మ కూడా పుట్టలేదు. ఈ రెండు పేజీలూ ఎదురెదురుగా ఉన్నది దానికి ముందే. రంగు వేసిందీ దానికి ముందే!"

ఆయన భూతద్దం పెట్టుకుని దారం పొడుగునా చూశారు. రంగుల డాక్టరు వైపు చూశారు. అతను తలూపాడు.

"పొరపాటు నాదేనమ్మా," అన్నారు చివరికి.

"నాతో కాదు సార్. అందరి ముందూ అన్నారు, అందరి ముందే చెప్పండి."

అన్నాక నా ఉద్యోగం గుర్తొచ్చింది. కానీ ఆయన మనిషే. ఆ మధ్యాహ్నమే అత్తగారిని పిలిపించి, అందరి ముందూ లేచి నిలబడి క్షమించమన్నారు. ఆవిడ "సర్లెండి" అని మాత్రం అన్నారు. నాకైతే ఈలవెయ్యాలనిపించింది.

సోమవారం హాలంతా జనం. చిలక పక్కన కొత్త బోర్డు: రెక్క మీది రంగు ఈ అట్ట వేయకముందే చేర్చినది, ఒక్క దారమూ తెంపకుండా మరమ్మతు చేసినవారు అంటూ అత్తగారి పేరు. ఎవరో పెద్దాయన అది పైకే చదివి, "ఎవరో గానీ, గొప్ప చెయ్యి కదండీ ఆవిడది!" అని పక్కావిడతో అన్నాడు.

నా వెనక నిలబడ్డ అత్తగారు నన్ను పక్కకి నెట్టుకుని ముందుకొచ్చారు.

"నేనే," అన్నారు, హాలు మొత్తం తిరిగి చూసేంత గట్టిగా.