ఏడు వోల్టులు

మూడో రిమోట్ వెనక మూత తీసి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు మెకానిక్. బొమ్మ కార్లూ ఆట విమానాలూ అమ్మే దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే. రిమోట్ కూత వినే దాని రోగం చెప్పేస్తాడని అందరూ బీపు బాబాయ్ అంటారు. కళ్లజోడు కాడకి దారం చుట్టి ఉంటుంది. బొటనవేలి మీద సోల్డరింగ్ కాలిన మచ్చలు.

వదిన వచ్చి సంచిలోంచి అన్నయ్య రిమోట్ తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అన్నయ్యకి మళ్ళీ విమానం ఎగరెయ్యాలని బుద్ధి పుట్టింది. ఇది కాస్త చూడు."

"తొమ్మిదేళ్ల క్రితమే ఒట్టేసి మానేశాడుగా వదినా?"

"నన్నడిగితే? ఆయన్నే అడుగు."

ఆమె వెళ్లాక దాన్ని ఆన్ చేశాడు. ఎగిరే విమానం తన బ్యాటరీ ఎంతుందో రిమోట్‌కి చెబుతూనే ఉంటుంది. మరీ తగ్గితే రిమోట్ కూస్తుంది. ఎంత దగ్గర కూయాలో మనం ముందే పెట్టాలి. తెర మీద ఏడు వోల్టులని ఉంది. పెట్టింది తనే. రెండు సెల్లుల బ్యాటరీకి అది సరైనదే. కానీ తొమ్మిదేళ్ల క్రితం ఆ రోజు అన్నయ్య విమానానికి మూడు సెల్లుల బ్యాటరీ బిగించి, పదిన్నరకు మార్చడం మరిచాడు. రిమోట్ కూయనే లేదు. విమానం గాల్లోనే చచ్చి, మైదానంలో నిలబడ్డ జనానికి బారెడు దూరంలో కూలింది.

"నీ చెయ్యి తప్పింది అన్నయ్యా," అన్నాడు మెకానిక్ అందరి ముందూ. పనిమంతుడన్న పేరు పోతుందని భయం, అంతే.

అన్నయ్య బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లలో బండి మీద గీత పడనివ్వలేదు. ఆ వారమే, "యాభై మంది ప్రాణాలు ఈ చేతుల్లో పెట్టనురా," అని స్టీరింగ్ వదిలేసి డిపో గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చున్నాడు. నిజం చెబుదామని మెకానిక్ ఎన్నిసార్లు వెళ్లాడో! కాఫీ తాగి వచ్చేసేవాడు. పిరికితనానికి వేరే పేరు లేదు.

ఇప్పుడు పదిన్నర పెట్టాడు. నాలుగుసార్లు పరీక్షించాడు. నాలుగుసార్లూ కూసింది.

ఒంటిగంటకు అన్నయ్యే ఫోన్ చేశాడు.

"అయిందా?"

"అయింది. సాయంత్రం తెస్తా. నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పెయ్."

"ఫోన్లో కాదులే, ఎదురుగా చెప్తా."

"నా చేతులు వణుకుతాయని భయమా? ఈసారి మెల్లగా ఎగరేస్తాలేరా," నవ్వాడు అన్నయ్య.

అప్పుడైనా చెప్పి ఉంటే! రెండు ముక్కల మాట. చెప్పలేదు. మధ్యాహ్నమంతా ఎవరివో కార్లు బాగుచేస్తూ ఆ మాటే కూడబలుక్కున్నాడు. అయిదింటికి బయల్దేరబోతుంటే మళ్ళీ ఫోన్ మోగింది. అన్నయ్య వాళ్ల పక్కింటాయన.

"మీ అన్నయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడయ్యా. త్వరగా రా."

వెళ్లేసరికి మంచం మీద పడుకోబెట్టారు. మెకానిక్ రిమోట్ కింద పెట్టి, ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ చెయ్యి తప్పలేదు అన్నయ్యా. తప్పు నాది. బ్యాటరీ సెట్టింగు మార్చడం నేనే మరిచిపోయా."

వదిన తలెత్తి చూసింది.

"ఇన్నేళ్లూ ఆయన చేతుల్ని ఆయనే తిట్టుకున్నాడు," అంది.

కిటికీ పక్కన బల్ల మీద కొత్త విమానం రెక్క ఉంది. జిగురు ఆరేదాకా కదలకుండా అన్నయ్య పెట్టిన బట్టల క్లిప్పులు దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి.