మోతీబాయి కడియాలు

గూడూరు అవుసల సంజీవ చేసిన వెండి వంగదని చుట్టుపక్కల తండాలన్నింటా పేరు. మేలిమి వెండి మెత్తన. దాంతో కడియం చేస్తే, కట్టెలకు, కూలికి తిరిగే ఆడవాళ్ల కాళ్ల మీద నెల తిరక్కుండానే సొట్టలు పడుతుంది. అందుకే ఆయన పన్నెండు పాళ్ల వెండికి ఒక పాలు రాగి కలిపి కరిగించేవాడు. అది కాస్త తొందరగా నల్లబడేది కానీ, కుంకుడు నురగతో తోమితే మళ్లీ మెరిసేది.

గంగారం దగ్గరి తండాలో ఉండే కమ్లీ తన కూతురు మోతీబాయి పెళ్లికి అలాంటి కడియాలే అడిగింది. "ఊడొద్దు బాపు, వంగొద్దు. నా బిడ్డ ముసలిదయ్యేదాక కాళ్ల మీదనే ఉండాలె" అన్నది. సంజీవ బొటనవేలంత లావున రెండు కడియాలు పోతపోసి, పెళ్లికూతురి కాళ్లకు తొడిగి, కొసలు దగ్గరికి కొట్టి మూసేశాడు. తొమ్మిదేళ్లపాటు అవి కదల్లేదు.

అరవై తొమ్మిది మే నెలలో మోతీబాయి బీడీ ఆకు కోయడానికి అడవికి పోయి, బండ జారి పడింది. ఎడమ కాలు చీలమండ దగ్గర విరిగింది. తండాలో పసరు కట్టు కట్టారు. రెండో రోజుకు కాలు గుమ్మడికాయలా ఉబ్బి, కడియం కండలోకి దిగిపోయింది. భర్త జాల్యా ఆమెను ఎడ్లబండిలో గూడూరు తెచ్చాడు. ఊళ్లో కంపౌండర్ దయాకర్ కాలు చూసి, మందుల పెట్టె తెరవకుండానే సంజీవకు కబురు పంపాడు.

"కడియం తియ్యాలె సంజీవన్న. పాదానికి నెత్తురు పోతలేదు. జల్ది చెయ్యి" అన్నాడు.

సంజీవ పాదం ముట్టుకున్నాడు. అంత ఎండలోనూ అది చల్లగా ఉంది. వేళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

మోతీబాయి రెండు చేతులతో మోకాలిని పట్టుకుంది. "వద్దు బాపు. గిది మా యాడి ఏయించింది. వాపు దిగుతది, జర ఆగుండ్రి."

"ఆగితే కాలు పోతది బిడ్డా."

జాల్యా ఆమె చేతులు విడదీసి గట్టిగా పట్టుకున్నాడు.

సంజీవ కడియానికీ చర్మానికీ మధ్య రేకు ముక్క దూర్చి సన్న రంపం పెట్టాడు. వెండి గీసుకుంది తప్ప తెగలేదు. రాగి కలిసిన లోహం, పైగా తన సుత్తి దెబ్బలతోనే గట్టిపడ్డది. నిప్పుల్లో పెడితే లొంగేదే, కానీ కాలి మీద నిప్పు పెట్టేదెట్లా? రంపం ఆకు విరిగింది. ఇంకొకటి బిగించాడు. అదీ విరిగింది. మోతీబాయి మొదట అరిచింది, తర్వాత "యాడీ, యాడీ" అని తమ భాషలో తల్లిని పిలిచింది, తర్వాత పిలవడం మానేసింది. సంజీవ చేతులు చెమటకు జారుతున్నాయి. తన వెండి వంగదన్న పేరు జ్ఞాపకం వచ్చి, తన పనితనాన్నే తిట్టుకున్నాడు.

కడియం తెగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దాని కింద చర్మం లోతుగా తెగి ఉంది. పాదానికి రంగు రాలేదు.

"వరంగల్ దవాఖానకు తీస్కపోవాలె" అన్నాడు దయాకర్.

"ఎట్ల పోవాలె? బస్సులు బందున్నయి గద" అన్నాడు జాల్యా. ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లన్నీ మూతపడ్డాయి. రోడ్డు మీద అడ్డంగా చెట్లు నరికి పడేశారు. లారీ ఏదైనా వస్తుందేమోనని సంజీవ రోడ్డెక్కి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కటీ రాలేదు. చివరికి ఎడ్లబండిలోనే డొంకదారిన మహబూబాబాద్ స్టేషన్‌కు బయలుదేరారు. అక్కడ రైలు దొరికేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. వరంగల్‌లో మోకాలి కిందికి కాలు తీసేశారు.

దసరా వెళ్లాక సంజీవ తండాకు పోయాడు. తెగిన కడియాన్ని అతికించి, మెరుగుపెట్టి, గుడ్డలో చుట్టి తెచ్చాడు. గుడిసె ముందు కూర్చున్న మోతీబాయి చేతికి ఇచ్చాక గానీ, దాన్ని ఆమె ఏం చేసుకుంటుందన్నది ఆయనకు తట్టలేదు.

ఆమె దాన్ని పక్కన పెట్టి కుడి కాలు చాపింది. "గీ కాలుది గూడ కొయ్యి బాపు. ఒంటికాలు మీద నడుస్తుంటే దీని బరువుకు పడిపోతున్న."

"కొన్ని దినాలైతే అలవాటైతది బిడ్డా..."

"కొయ్యమంటున్న గద."

బిడ్డకు తోడుగా వచ్చి ఉన్న కమ్లీ లేచి గుడిసె వెనక్కి వెళ్లిపోయింది. సంజీవ సంచిలోంచి రంపం తీశాడు. ఈసారి తొందర లేదు, ఆకులు విరగలేదు, మోతీబాయే మోకాలు కదలకుండా పట్టుకుంది. కడియం ఊడి మట్టిలో పడగానే, ఆమె చంక కింద కర్ర పెట్టుకొని లేచింది. గడపదాకా నాలుగు గంతులేసి వెనక్కి తిరిగింది.

"గిప్పుడు అల్కగున్నది" అన్నది.

సంజీవ రంపం సంచిలో పెట్టుకొని, జాల్యా ఇచ్చిన నీళ్లు తాగి, గూడూరు దారి పట్టాడు.