మల్లయ్య తలూపిన బండి

మల్లయ్య స్టీరింగు కింద తల దూర్చి, మీటరు వెనక వేళ్లు పెట్టి, చింతగింజంత బల్బును మెలితిప్పి బయటికి లాగాడు. ఇంజను లోపం చెప్పే దీపం అది. నెల రోజులుగా వెలుగుతూనే ఉందట ఆ కారులో. ఇప్పుడు వెలగదు. రోగం అట్లాగే ఉంది, చెప్పే నోరు పోయింది.

బల్బును చొక్కాకు తుడిచి బల్ల మీది పచ్చడి సీసాలో వేశాడు. టక్కుమంది. సీసా ముప్పావు వంతు నిండింది. పన్నెండేళ్ల నుంచి కార్లలో పీకిన బల్బులన్నీ అందులోనే ఉన్నాయి. ఎందుకు దాస్తున్నావయ్యా అంటే చెప్పలేడు. వెలిగే బల్బును పారేయడానికి చెయ్యి రాదు, అంతే.

ముత్తంగి చౌరస్తా దాటాక, లారీలు బారులు తీరి నిలబడే చోట, భీమశంకరం పాత కార్లు కొని అమ్ముతాడు. కడిగి, టైర్లకు నల్లరంగు పూసి, వరసగా నిలబెడితే అన్నీ పెళ్లికొడుకులే. ఆ పెళ్లికొడుకుల రోగాలు బయటపడకుండా చూసేవాడు మల్లయ్య. యాభై నాలుగేళ్ల మనిషి. ఎముకల మీద చొక్కా వేలాడుతుంటుంది. చెవి మీద టెస్టరు, గోళ్ల కింద ఏ సబ్బుకూ లొంగని నలుపు. కూర్చుంటే ఎడమ మోకాలు ఊగుతూనే ఉంటుంది.

ఇవాళ రెండు మోకాళ్లూ ఊగుతున్నాయి. పొద్దుటి నుంచి నాలుగు టీలు తాగాడు, నాలుగూ సగంలోనే పారబోశాడు. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. పన్నెండింటికి ఇంద్రేశంలో పాండు కొన్న బండికి పూజ. పూజ కాగానే పదకొండు మంది మనుషులూ, ఒక మేకపోతూ అందులో ఎక్కి ఏడుపాయల జాతర దారి పడతారు. పోను డెబ్బై ఎనభై కిలోమీటర్లు. ఆ బండి బ్రేకులు ఎక్కడ చేతులెత్తేస్తాయో మల్లయ్యకు తెలియదు. ఎత్తేస్తాయని మాత్రం తెలుసు.

మొన్న ఆ ఏడు సీట్ల తెల్లబండి వచ్చినప్పుడు బ్రేకు దీపం ఎర్రగా వెలుగుతోంది. వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు ఆయిలు కారుతోంది. బాగు చేయాలంటే ఒక పూట పడుతుంది. "లైటు సంగతి జూడు మల్లయ్యా" అన్నాడు భీమశంకరం. మల్లయ్య ఆయిలు డబ్బా నిండుగా పోసి, డబ్బాకు తగిలించిన వైరు పీకేశాడు. ఇక ఆయిలు అడుగంటినా దీపం వెలగదు. హ్యాండ్‌బ్రేకు లాగితే మాత్రం అదే దీపం వెలుగుతుంది, దించితే ఆరిపోతుంది. కొనేవాడు రెండుసార్లు లాగి దించి, లైటు బాగుందని మురిసిపోతాడు. ఇంత శుభ్రమైన మోసం ఆ చుట్టుపక్కల ఇంకెవరి చేతికీ రాదు.

నిన్న పాండు అట్లాగే మురిశాడు. ఫ్యాక్టరీ షిఫ్టులకు ఆడవాళ్లను గుమ్మడిదల దాకా తిప్పుకుంటానని వచ్చాడు. బానెట్టు తెరవలేదు, కిందికి వంగి చూడలేదు. మల్లయ్య మొహం చూసి, "కాకా, బండి మంచిగున్నదా?" అని ఒక్కమాట అడిగాడు. పక్కనే భీమశంకరం నిలబడి ఉన్నాడు. మల్లయ్య తలూపాడు. మాట కూడా కాదు, ఉత్త తలే.

పాండు అట్లా అడగడానికి కారణం ఉంది. వాళ్ల నాయన నాగయ్యా, మల్లయ్యా ఒకే మందుల ఫ్యాక్టరీలో పనిచేశారు. అక్కడ మల్లయ్య పని వేరు. గోడంత పెద్ద ప్యానెలు మీద ప్రమాదం చెప్పే ఎర్రబల్బులుండేవి. మాడిన బల్బు తీసి కొత్తది బిగించడమే అతని ఉద్యోగం. ఒకరోజు పొద్దున అతను బిగించిన బల్బు మధ్యాహ్నం వెలిగింది. అది చూసి నాగయ్య ట్యాంకు దగ్గర నుంచి పరుగెత్తాడు, మరుక్షణం ట్యాంకు మూత ఎగిరిపోయింది. నాగయ్య ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికి, మొన్నమొన్న మంచంలో పోయాడు. బతికినన్నాళ్లూ ఇంటికి వచ్చినవాళ్లందరికీ, "మా మల్లయ్య పెట్టిన దీపం" అని చెప్పుకునేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మల్లయ్య ఇక్కడ చేరాడు.

ఫోన్ తీసి పాండుకు కలిపాడు. అవతల డప్పులు చెవులు పగలగొడుతున్నాయి.

"కాకా! ఏం ఇనొస్తలే! జల్దీ రా, కొబ్బరికాయ నువ్వే కొట్టాలంటున్నది అమ్మ. నీ కోసమే ఆగినం!"

పెట్టేశాడు. మల్లయ్య ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సేటూ, గా తెల్లబండి ఆయిలు కారుతున్నది" అన్నాడు భీమశంకరం దగ్గరికి పోయి.

"అమ్మినం గదనే. ఇగ మనదా?"

"పదకొండు మంది ఎక్కుతున్నరు."

"గట్ల ఎక్కమని నేను జెప్పిన్నా? పరేషాన్ గాకు. సాయంత్రం గీ రెండు బండ్ల లైట్లు జూడు."

మల్లయ్య పాత మోటారుసైకిలు తీశాడు. పటాన్‌చెరులో విడిభాగాల దుకాణం ముందు ఆపి, వెనక చక్రానికి వేసే బ్రేకు సిలిండరు ఒకటి, ఆయిలు సీసా ఒకటి కొన్నాడు. దారంతా ఒకటే ఆలోచన. బానెట్టు ఎత్తి, చప్పుడు కాకుండా వైరు తగిలిస్తే చాలు. దీపం దానంతటదే వెలుగుతుంది. 'అరె, ఇప్పుడే వచ్చింది' అని తనే ఆశ్చర్యపోవచ్చు. బండి ఆగుతుంది, మనుషులు బతుకుతారు, మల్లయ్య పేరూ బతుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఎన్నిసార్లు అనుకున్నా బాగానే ఉంది, మోకాలు మాత్రం బండి మీద కూడా ఊగుతూనే ఉంది.

ఇంద్రేశంలో కొత్త ప్లాట్ల మధ్య మిగిలిన పోచమ్మ గుడి ముందు తెల్లబండి బంతిపూల దండ వేసుకుని నిలబడి ఉంది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. చక్రాలకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. వెనక ఎడమ చక్రం మీద పసుపు నల్లగా తడిసి, చారలుగా నేలకు దిగుతోంది. బండి కడిగిన నీళ్లేమో అనుకున్నారు అందరూ. మేకపోతు అప్పుడే వెనక సీట్లో కూర్చుని పూలదండ నములుతోంది.

నాగయ్య భార్య సోమమ్మ ఎదురొచ్చింది. అతని నుదుట బొట్టు పెట్టి, చేతిలో కొబ్బరికాయ పెట్టింది.

"నీ చేత్తోని గొట్టు మల్లయ్యా. ఆయన ఉంటె గదే అంటుండె."

"కొడత వదినె. జెర ఒక్కపారి బానెట్టు సూస్త."

కాయను చంకలో పెట్టుకుని బానెట్టు ఎత్తాడు. డబ్బాలో ఆయిలు సగానికి పడిపోయి, గీత కిందికి వెళ్లింది. వైరు అతను వదిలేసిన చోటే వేలాడుతోంది. తగిలించాడు. తాళం తిప్పమన్నాడు. పాండు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

"కాకా, ఎర్రలైటు వచ్చింది."

"హ్యాండ్‌బ్రేకు దించు."

"దించిన. అయినా పోతలే. నిన్న లేకుండె గద ఇది?"

డప్పుల వాళ్లు ఆగారు. మల్లయ్య గొంతులోకి 'ఇప్పుడే వచ్చింది' అన్న ఆ మాట తయారుగా వచ్చి నిలబడింది. నాలుక చివరి దాకా వచ్చింది. సోమమ్మ అతని మొహంలోకే చూస్తోంది, నాగయ్య పోయిన రోజు డాక్టరు మొహంలోకి చూసినట్టు.

"నిన్న గూడ ఉండె పాండూ" అన్నాడు. "నేనే పీకిన. బ్రేకు ఆయిలు కారుతున్నది. నాకు ఎరికే. ఎరికుండే తలూపిన."

సోమమ్మ దగ్గరికి వచ్చి, అతని చంకలోంచి కొబ్బరికాయ తీసుకుని కొడుకు చేతిలో పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది మల్లయ్యకు.

"బాగు జేసి పో" అంది, అంతే.

నిమ్మకాయ పక్కకు తీసి, జాకీ వేసి, చక్రం విప్పి నేల మీద కూర్చున్నాడు. రెండు గంటలు పట్టింది. కొత్త సిలిండరు బిగించాక బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి, దానికి ఇంకో మనిషి పెడలు తొక్కాలి. పాండు మొహం గంటు పెట్టుకునే సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు."

"ఆఁ."

"పట్టు... ఇడువు."

నలభైసార్లు అవే మాటలు. ఆ కుటుంబంతో ఇక అతనికి మిగిలిన మాటలు అవే కాబోలు. చివరికి పెడలు గట్టిపడింది. డబ్బా నింపి మూత పెట్టాడు.

"లైటు పోయింది" అన్నాడు పాండు. ఆ మాటకు 'కాకా' అని చేర్చలేదు.

మల్లయ్య కిటికీలోంచి వంగి చూశాడు. నల్లటి మీటరు. దీపాన్ని పీకకుండా, జబ్బును బాగుచేసి ఆర్పి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తురాలేదు. కళ్లు చెమర్చాయి. చేతులకు ఆయిలుండటంతో తుడుచుకోలేకపోయాడు. కొబ్బరికాయ పాండే కొట్టాడు. బండి నిమ్మకాయల మీదుగా కదిలింది, మలుపు దగ్గర ఆగాల్సిన చోట ఆగింది. ఎవరూ చెయ్యి ఊపలేదు. మేకపోతు ఒక్కటే వెనక అద్దంలోంచి అతన్ని చూసింది.

సాయంత్రం ముత్తంగి వచ్చి షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఎటు వోయినవ్? రెండు బండ్లు అట్లనే ఉన్నయ్" అన్నాడు భీమశంకరం ఫోనులోంచి తలెత్తకుండా. "రేపు జల్దీ రా."

"రాను సేటూ."

భీమశంకరం తలెత్తేసరికి మోటారుసైకిలు లారీల మధ్యలోకి వెళ్లిపోయింది. నాలుగు రోజుల్లో తిరిగొస్తాడులే అనుకుని, తాళంచెవికి అడ్డంగా ఉన్న పచ్చడి సీసాను పక్కకు జరిపాడు. గలగలమంది. లోపల వందల బల్బులున్నాయి, ఒక్కటీ మాడినది కాదు.