రెండో సీసాలో పడని కాల్షియం

ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రయోగశాలలో ఉప్పునీళ్ళు కలపడమే ఆవిడ ఉద్యోగం. అందుకని అందరూ ఉప్పక్క అనేవారు. పేరులో అక్క ఉందన్న మాటే గాని, అక్కలా చూసిన నాథుడు లేడు. "ఉప్పక్కా, రెండు లీటర్లు" అంటారు, సీసా అందుకుంటారు, చక్కా పోతారు. ఇంట్లోనూ ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు. సెలవు రోజున సాయంత్రం దుకాణానికి వెళ్ళి సబ్బు అడగబోతే గొంతు పెగిలేది కాదు. పొద్దున్నుంచి దానితో పని పడలేదు మరి.

ఉప్పునీళ్ళే కదా అని తీసిపారేయకండి. ఎలుక నుంచి తీసిన పలచటి కండరాన్నీ, దానికి అంటుకున్న నరాన్నీ కొన్ని గంటలు బతికించేవి అవే. ఉప్పులన్నీ కలిపి, సన్నటి గొట్టంతో సీసాలోకి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు బుడగలు వదలాలి. పావుగంట పోయాక, చిట్టచివర కాల్షియం వేయాలి. తొందరపడి ముందే వేశారా, నీళ్ళు తెల్లగా మసకబారి ఎందుకూ పనికిరావు. అందుకే ఉప్పక్క పొద్దున్నే సీసాకొకటి చొప్పున చిన్న చిన్న ట్యూబుల్లో కాల్షియం కొలిచి స్టాండులో నిలబెట్టుకునేది.

ఆ మధ్య కొత్త పరిశోధకురాలు ఒకామె వచ్చింది. ఆరు వారాల గడువు. నరం నుంచి కండరానికి కబురు అందకుండా ఆపే మందు తన దగ్గర ఉందని ఆమె నమ్మకం. అది నిజమైతే ఏడాది పాటు ఇక్కడే ఉద్యోగం, కాకపోతే పెట్టె సర్దుకోవడమే. అయిదు వారాలు ఇట్టే గడిచాయి గాని ఫలితం జాడ లేదు.

ఆరో వారం మొదట్లో, ఉప్పక్క మొదటి సీసాలో కాల్షియం వేసి, మందు కలపాల్సిన రెండో సీసాలోకి బుడగలు వదులుతుంటే, ఆమె తలుపులోంచి తొంగిచూసింది.

"అక్కా, బాక్స్ తెచ్చుకున్నారుగా? రండి, కలిసి తిందాం."

ఉప్పక్కకు ఏనుగెక్కినంత సంబరం. చేతులు కడుక్కుని పరుగున వెళ్ళింది. కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. నిజం చెప్పాలంటే, ముప్పావుగంటా ఉప్పక్కే మాట్లాడింది. తిరిగొచ్చి రెండో సీసాకు చీటీ అంటించి అందించింది.

ఆ మధ్యాహ్నం అద్భుతం జరిగింది. నరం చివర్లలో కంటికి కనబడనంత చిన్న తిత్తులు వేల కొద్దీ ఉంటాయి. ఒక్కో దాని నిండా రసాయనం. నరంలో కరెంటు రాగానే అవి కణం గోడకు అతుక్కుని, తెరుచుకుని, లోపలి సరుకంతా కండరం మీదికి కుమ్మరిస్తాయి. అప్పుడు కంప్యూటర్ తెర మీద నిలువెత్తు గీత లేస్తుంది. కండరం మీదుగా మందున్న నీళ్ళు పారించిన కాసేపటికి ఆ గీత లేవడం మానేసింది. మందు లేని నీళ్ళు పారిస్తే మళ్ళీ లేచింది.

"చూశారా అక్కా, ఈ చిన్న చిన్న బుడిపెలు!" పరిశోధకురాలు తెర మీద వేలు పెట్టి చూపించింది. "కరెంటు లేకపోయినా ఎప్పుడో ఒక తిత్తి దానంతటదే తెరుచుకుంటుంది. అంటే లోపల సరుకుంది. నేను పిలుస్తుంటే మాత్రం పలకట్లేదు. రేపు ఇంకోసారి ఇలాగే వస్తే చాలు, నేనిక్కడే ఉండిపోతాను. రోజూ కలిసే తిందాం." అని గట్టిగా కావలించుకుంది.

అయిదింటికి సామాన్లు కడుగుతుంటే స్టాండులో ఒక ట్యూబు నిండుగా కనబడింది. ఉప్పక్క దాన్ని తీసి లెక్క చూసుకుంది. కరెంటు వచ్చినప్పుడు బయటి నుంచి కాల్షియం లోపలికి వెళ్తేనే తిత్తులు గోడకు అతుక్కునేది. రెండో సీసాలో అది పడనే లేదు. మందు చేసిందేమీ లేదు.

చెప్పాలని వెళ్ళింది. పరిశోధకురాలు ఫోన్లో వాళ్ళమ్మకు చెబుతూ నవ్వుతోంది. ఉప్పక్క గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగింది. చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఇద్దరికి సరిపడా వంట చేసింది. రెండు సీసాలు కలిపింది, బుడగలు వదిలింది. మొదటి ట్యూబు వంపింది. రెండోది చేతిలో అలాగే ఉంది. వేయకపోతే చాలు. అడిగేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు అంతకంటే లేరు. ఏడాది పాటు కిటికీ పక్కన మనిషి తోడు దొరుకుతుంది. ఉప్పక్కకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు? కానీ ఆ పిల్ల లేని దాని వెంట ఏడాది పరిగెడుతుంది. తను ఎదురుగా కూర్చుని అన్నం తింటూ అది చూస్తుండాలి. అది ఆవిడ వల్ల కాలేదు. ట్యూబు పట్టుకునే వెళ్ళి జరిగింది చెప్పేసింది.

పరిశోధకురాలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"నిన్న అయిదింటి నుంచి."

"అప్పుడే చెప్పొచ్చుగా. మా అమ్మ ఊరంతా చెప్పేసుంటుంది." ట్యూబు వైపు చూపించి, "వేయండి, నా ముందే వేయండి" అంది.

ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా ఉప్పక్క చేతిని ఎవరూ కాపలా కాయలేదు. చుక్క కింద పడకుండా వంపింది. ఆ రోజు మందున్న నీళ్ళలోనూ గీత నిలువెత్తున లేచింది. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ లేచింది. పరిశోధకురాలు తెర ఆపేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం ఉప్పక్క కిటికీ పక్కన బాక్సు పెట్టుకుని కూర్చుంది. ముద్ద దిగలేదు. లేచి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడింది. అన్నేళ్ళలో తనంతట తానుగా ఒకరి తలుపు తట్టింది లేదు. ఏమని పిలవాలో కూడా తోచలేదు.

"అమ్మాయ్, ఇద్దరికీ తెచ్చాను. వచ్చి తిను."

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఉప్పక్క కొంగుతో ముఖం తుడుచుకుని, ఈసారి కాస్త గట్టిగా పిలిచింది.