తోలినవాడి పేరు

నేను ఒక బౌండు పుస్తకాన్ని. మూడు వందల పేజీలు, గళ్ల కాగితం, వీపుకు ఎర్ర గుడ్డ. మనుషులు నన్ను రిజిస్టరు అంటారు. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత బయటపడితే నాకు సిగ్గు. నాకు చదవడం రాదు. నా మీద పన్నెండేళ్లు రాశారు, ఏం రాశారో నాకు తెలియదు. చెవులు మాత్రం గట్టివి. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా విన్నదీ చూసిందీ. మధ్యలో కాసిని కోతలు కూడా ఉంటాయి, అవి మీరే ఏరి పక్కన పెట్టుకోండి.

నా పుట్టుక చీరాలలో, ఒక బైండింగు కొట్లో. నన్ను కుడుతుంటే మూడు దబ్బనాలు విరిగాయనీ, నాలుగోసారి రైలు పట్టా ముక్క సానబట్టి కుట్టారనీ మా బీరువాలో అందరికీ చెబుతుంటాను. పక్కనుండే పాటల పుస్తకం నమ్మదు. దానికి దేవుడి మాటలు తప్ప ఇంకేవీ ఎక్కవు. నాతో కలిపి పుట్టిన పద్నాలుగు మందిలో పదమూడు మంది ఆఫీసులకు పోయి హాజరు పట్టీలయ్యారు. నేనొక్కదాన్నే పందాలకు పోయాను.

ఉప్పలదిన్నె అని ఒక ఊరు, సముద్రానికి నాలుగు మైళ్లు. పెద్ద యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి అక్కడ పొడుగాటి సిమెంటు దారి పోశారు. యుద్ధం పోయింది, విమానాలు పోయాయి, దారి మిగిలింది. ఊళ్లోవాళ్లు దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్లు. 1977లో, కాయలు ఎత్తేశాక, దాని మీద మోటారు సైకిళ్ల పందెం పెట్టారు. బండ్లు పరిగెత్తుతుంటే లేచిన మిరప ఘాటుకు మొదటి ఏడాది పక్క జిల్లాలో కూడా తుమ్మారని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

పందెం పెట్టింది ఎడ్ల పందాల కమిటీ. బండ లాగే ఎడ్లకు ఏళ్ల తరబడి పందాలు నడిపినవాళ్లు. వాళ్లకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎడ్ల పందెంలో మైకులో ఎవరి పేరు పలుకుతారు? ఎడ్లు ఎవరివో ఆయన పేరు. పక్కన గొంతు చించుకుని అరుస్తూ, ఎడ్లతో సమానంగా చెమటోడ్చి తోలినవాడి పేరు ఎవరూ అడగరు. అది అన్యాయమని ఎవరికీ తోచదు, తోలినవాడికి కూడా తోచదు.

నా మీద రాసే పని డ్రిల్లు మాస్టారు ఇమ్మానుయేలు గారికి అప్పగించారు. ఆయన అక్షరం ముత్యంలా ఉంటుందని అందరూ అనేవాళ్లు. సముద్రపు గాలికి నేను ఎగిరిపోకుండా నా మీద ఇటుక పెట్టి, గడియారం పట్టుకుని గీత దగ్గర కూర్చునేవాడు. బండి గీత దాటగానే గడియారం నొక్కి, "బండి ఎవరిది?" అని కేకేసేవాడు. ఎవరో పేరు చెప్పేవాళ్లు, ఆయన రాసేవాడు. బండి ఎవరిదో అడుగుతున్నాడు సరే, తోలిందెవరో కళ్లారా చూస్తూనే ఉన్నాడు కదా, అది అడక్కుండానే రాస్తాడని నేననుకున్నాను. పన్నెండేళ్లు అట్లాగే అనుకున్నాను.

ఇక జిలానీ. ఒంగోలులో ఒక షెడ్డులో మెకానిక్కు. పొగాకు వ్యాపారం చేసే కోటిలింగం గారికి రెండు పందెం బండ్లుండేవి. ఒకటి జిలానీ తోలేవాడు, రెండోది ఏలియా అనే ఇంకో మెకానిక్కు. కోటిలింగం గారు తోలేవాడు కాదు. ఆయనకు కూర్చోవడానికే రెండు కుర్చీలు జతచేసి వేసేవాళ్లు. జిలానీ తోలితే బండి ముందు వెళ్లిపోయేది, దాని చప్పుడు వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చేది. ఇది కోత కాదు. సరే, సగమే కోత.

గెలిచాక జిలానీ తిన్నగా నా దగ్గరికి వచ్చేవాడు. గ్రీజు చేత్తో పై గీత చూపించి, "ఇదేనా మాస్టారూ?" అనేవాడు. "ఇదే, మొదటి గీత నీదే" అనేవాడు మాస్టారు. జిలానీ దాని వంక కాసేపు చూసి, తృప్తిగా వెళ్లి నీళ్లు తాగేవాడు. కప్పు కోటిలింగం గారి కారులో ఎక్కేది. జిలానీకీ చదువు రాదు, నాకూ రాదు. ఇద్దరం ఒకే గీతను చూసి ఒకే రకంగా మురిసిపోయాం.

1988 తర్వాత పందెం ఆగిపోయింది. కారణం అడిగితే తలా ఒకటి చెబుతారు. అసలు సంగతి, మిరప సాగు పెరిగి దారి ఖాళీ దొరకలేదు. నేను మాస్టారి ఇంటికి చేరాను. ఆయన భార్య నన్ను కుట్టుమిషను కాలు కింద పెట్టింది. ఆ ఇంట్లో కుట్టిన ప్రతి జాకెట్టు బరువూ కొంత నేను మోశాను. మనిషికి పుస్తకం ఎందుకు కావాలో పుస్తకం ఎప్పుడూ కనిపెట్టలేదు. మాస్టారు పోయాక బీరువా ఎక్కాను. బీరువాలోంచి ఆయన మనవరాలు హెప్సిబా చేతికి వచ్చాను.

హెప్సిబా ఒంగోలులోనే కంప్యూటరు చదువు చదివింది. టీవీలో కార్ల పందాలు వస్తుంటే అన్నం ముందు పెట్టుకుని మర్చిపోయే పిల్ల. అడిగినదానికి మనిషిలా జవాబు చెప్పే మిషను ఒకటి వచ్చింది కదా, దాన్ని పందాల సంగతులు అడిగేది. మొదట్లో అది నన్ను మించి కోతలు కోసింది. ఉప్పలదిన్నె పందెం గురించి అడిగితే, అక్కడ రాజుగారు గుర్రాలు పరిగెత్తించాడని చెప్పింది. భలే దానివే, నా తోడబుట్టినదానివి అనుకున్నాను.

హెప్సిబాకు మాత్రం ఒళ్లు మండింది. ప్రపంచంలో జరిగిన పెద్ద కార్ల పందాల ఫలితాలన్నీ, ఏ ఏడు ఏ దేశంలో ఎవరు గెలిచారో, ఎన్ని నిమిషాల్లో గెలిచారో, ఒక పట్టికగా తెచ్చి ఆ మిషనుకు తగిలించింది. ఇక నుంచి పట్టిక చూసే చెప్పాలి, సొంతంగా అల్లకూడదు అని కట్టడి చేసింది. ఆ తర్వాత నా పేజీలన్నీ ఫోటోలు తీసి, ఒక్కో గీతా ఎక్కించి, నన్నూ ఆ పట్టికలో చేర్చింది. ఆ పట్టికలో ప్రతి పందేనికీ రెండు గళ్లున్నాయట, తోలినవారు ఒకటి, బండి గలవారు ఒకటి. నాలో పేరు ఒక్కటే ఉంది. ఆ పేరు తీసుకెళ్లి తోలినవారి గడిలో పెట్టింది. పందెం గెలిచాడంటే తోలినవాడే కదా, పాపం ఆ పిల్లకు ఎడ్ల కమిటీ సంగతి ఏం తెలుసు. వాళ్ల తాత లాగానే ఆ పిల్లా ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయింది. ఊరికే కోతలు కోసే మిషను, నన్ను తగిలించాక సాక్ష్యంతో అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాక్ష్యం నేనే.

అది నాకు తెలిసిన రోజు చెబుతాను. మధ్యాహ్నం, ఒంగోలులో మాస్టారి ఇంటి వరండా. జిలానీ వచ్చాడు. డెబ్బై దాటాయి, కళ్లు సరిగా ఆనవు. వెంట కొడుకు కరీముల్లా, బస్సు డిపోలో పని. తండ్రీ కొడుకులకు నాలుగు నెలలుగా మాటల్లేవని, మాట్లాడినా పొడిపొడి ముక్కలేనని కాసేపటికే అర్థమైంది. కరీముల్లా కూతురి సంబంధం మాట్లాడుకునే రోజున జిలానీ వియ్యాలవారికి తన ఏడు గెలుపులూ చెప్పుకున్నాడట. మా నాయన మాటల్లో పావు వంతు తీసుకోండని కొడుకు అందరి ముందూ నవ్వేశాడట. ఆ రోజు నుంచి జిలానీ కొడుకింట్లో అన్నం తినడం మానేశాడు.

"ఏడు కప్పులంటాడు మేడమ్" అన్నాడు కరీముల్లా. "ఒక్కటన్నా చూపియ్యి నాయనా అంటే, కోటిలింగం గారింట్లో ఉండాయంటాడు. ఆయనా పోయె, ఆ ఇల్లూ పడగొట్టె."

ఒంగోలులో ఒక మిషను పాత పందాలన్నీ చెబుతుందని జిలానీ ఎవరి దగ్గరో విన్నాడు. అది చెబితే నమ్ముతావా అని కొడుకును అడిగాడు. నమ్ముతానన్నాడు కొడుకు. చెప్పకపోతే ఇంక జన్మలో పందెం మాటెత్తనని తనంతట తనే ఒట్టు వేసుకుని వచ్చాడు. నేను బల్ల మీద ఉన్నాను. నాకు ఎంత ధీమానో చెప్పలేను. అడగండి నాయనా, నా ఒంటి నిండా ఈయన పేరేనని పొంగిపోయాను.

హెప్సిబా అడిగింది. మిషను మర్యాదగా చెప్పింది, "1979 నుంచి 1985 వరకు వరుసగా ఏడుసార్లు మొదటి స్థానం కోటిలింగం గారిది. జిలానీ అనే పేరు ఈ పట్టికలో లేదు."

నా మీద ఏముందో ఆ పూట మొదటిసారి విన్నాను. నిప్పుల్లో వేసినా అంత మంట ఉండదు.

"పూర్తి పేరుతో అడుగు పాపా" అన్నాడు జిలానీ. "నూర్‌బాషా జిలానీ అని."

లేదంది. పేరు లేనంత మాత్రాన ఆయన పాల్గొనలేదని చెప్పలేనని కూడా అంది, పాపం. అప్పటికే కరీముల్లా లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. తండ్రి భుజం పట్టుకుని, "పద నాయనా, బస్సుకు టైమైంది" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనమే జిలానీని కుంగదీసింది. లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు.

హెప్సిబాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, కోటిలింగం గారి గురించి ఇంకేమున్నాయని మిషనును అడిగింది. 1982లో ఆయన ఒకే పందెంలో మొదటి స్థానమూ మూడో స్థానమూ పొందారని చెప్పింది.

"ఒక్క మనిషి రెండు బండ్లు ఎట్లా తోల్తాడు?" అంది హెప్సిబా.

"మూడోది తోలింది ఏలియా" అన్నాడు జిలానీ, నేల చూస్తూనే. "బండి కోటిలింగం గారిదే. ఆయన యాడ తోల్తాడమ్మా. ఎక్కితే టైరు మిగలద్దూ?"

హెప్సిబా నన్ను దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పింది. ఒక పేజీలో ఒకే పేరు రెండుసార్లు, ఇంకో పేజీలో ఇంకో పేరు మూడుసార్లు. ఆ పిల్ల ముఖం మారిపోయింది. "మా తాత బండి గలవాళ్ల పేర్లు రాశాడు" అంది. "తోలినవాళ్లు ఇందులో లేనే లేరు."

గుమ్మం దగ్గర కరీముల్లా ఆగాడు. హెప్సిబా జిలానీ వైపు తిరిగి, "అయితే ఆ ఏడూ మీవేనా తాతా?" అంది.

అవునను, అవునను అని నేను లోపల మొత్తుకున్నాను. కాదనేవాడు ఎవడున్నాడు? కోటిలింగం గారు లేరు, మాస్టారు లేరు, ఏలియా లేడు. నాకు నోరుంటే ఏడు కాదు, పద్నాలుగని చెప్పేదాన్ని.

"ఆరు" అన్నాడు జిలానీ.

హెప్సిబా మళ్లీ పేజీలు లెక్కపెట్టబోయింది.

"ఎనభై నాలుగులో నా భుజం ఎముక ఇరిగింది. ఆ ఏడు గెలిచింది ఏలియా. ఎవురు అడగొచ్చార్లే అని ఇన్నాళ్లూ ఏడని చెప్పుకున్నా. అది వాడిది, వాడికే రాయి."

కరీముల్లా చెప్పులు విప్పాడు. వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు. తప్పైపోయిందని అనలేదు. "వానాకాలం నొప్పంటావే, ఆ భుజమేనా నాయనా?" అని అడిగాడు.

"అదే."

హెప్సిబా నాలోని పేర్లన్నీ బండి గలవారి గడిలోకి జరిపింది. తోలినవారి గడి మొత్తం ఖాళీ అయింది, పన్నెండేళ్లకు రెండు వందల పదహారు ఖాళీలు. ఆరింటిలో జిలానీ పేరు, రెండింటిలో ఏలియా పేరు పెట్టి, ఇది జిలానీ చెప్పగా రాసింది అని పక్కన చేర్చింది. మిషను చదివి వినిపించింది. జిలానీ తన పేరు ఆరుసార్లు విన్నాడు. ఇంక లేచి వెళ్తాడనుకున్నాను. లేవలేదు. "మరి మిగతావోళ్లో?" అన్నాడు.

ఆ మాటకే వరుసగా మూడు మధ్యాహ్నాలు వచ్చాడు, కొడుకే తీసుకొచ్చాడు. హెప్సిబా ఒక్కో గీతా చదివేది, జిలానీ కళ్లు మూసుకుని వెతుక్కునేవాడు. నలభై ఒక్క పేర్లు దొరికాయి. కొందరి ఊరు గుర్తొచ్చేది, పేరు వచ్చేది కాదు. కొందరి బండి చప్పుడు నోటితో చేసి చూపించాడు, పేరు మాత్రం రాలేదు.

మూడో రోజు 1980 పేజీ తీశారు. రెండో స్థానం. పర్చూరు కరణం గారి ఎర్ర రాజ్‌దూత్.

"ఎర్ర బండి" అన్నాడు జిలానీ. "తెలుసు పాపా. ఆ పొద్దున నా పక్కనే కూర్చుని సద్దన్నం తిన్నాడు. నాకు నంచుకోను లేదని ఉల్లిపాయ ఇరిచి సగం పెట్టాడు. ముఖం కనపడతా ఉండాది. పేరే..."

నాకు తెలుసు. దాసరి చినకోటయ్య. అతను గీత దాటినప్పుడు పెళ్లాం జనంలోంచి కంచుగొంతుతో ఆ పేరే అరిచింది, ఆ అరుపు మీదనే మాస్టారు బండి ఎవరిదని అడిగాడు. రెండు వందల పదహారు పేర్లూ నాకు తెలుసు. ఇందులో ఒక్క కోత లేదు. చినకోటయ్య, చినకోటయ్య అని నా శక్తి కొద్దీ అరిచాను. పేజీ అంచు పటపట కొట్టుకుంది. ఫ్యాను గాలి అనుకుని హెప్సిబా దాని మీద అరచెయ్యి ఆనించింది.

"తోలినవారు తెలియదు అని ఉంచమంటారా?" అని మిషను అడిగింది.

జిలానీ కళ్లు తెరిచాడు. "ఉంచు" అన్నాడు చివరికి. "ఉల్లిపాయ పెట్టాడని మాత్రం రాయి పాపా."

దానికి గడి లేదు. హెప్సిబా పేజీ తిప్పింది.